లెక్క చెప్పవలసింది మనుషులకే

దేవుడు లేడని తేల్చుకోవడం ఒక పని, తేల్చుకున్న తరువాత బతకడం వేరే పని. కృష్ణా, గుంటూరు జిల్లాలలో మొదటి పని చేసినవాళ్లకు ఏనాడూ కొదవ లేదు. తెనాలిలో కవి త్రిపురనేని రామస్వామి పురాణాలను నిలదీసిన కాలం నుంచి ఇటువైపు చాలా ఊళ్లలో గ్రంథాలయం అరుగు మీదనో టీకొట్టు బల్ల మీదనో ఒక హేతువాది కూర్చుని వాదిస్తూనే వచ్చాడు. నేను అటువంటి ఇంట్లోనే పుట్టాను. మా నాన్న తెనాలి దగ్గర ఒక పల్లెలో రైతు. వయసులో ఉండగా తెనాలి మానవవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి గారి ఉపన్యాసాలకు సైకిలు మీద వెళ్లి, రాత్రి పొద్దుపోయాక తిరిగి వచ్చేవాడట. కాబట్టి దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చ నాకు చిన్నప్పుడే పాతబడిపోయింది. విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంటూ యాభై దాటిన ఈ వయసులో నన్ను వదలని ప్రశ్న ఇంకొకటి ఉంది. పైన లెక్క అడిగేవాడెవడూ లేడని నమ్మిన మనిషి తన బతుకు లెక్కను ఎవరికి అప్పజెప్పాలి?

మనుషులకే అని నా సమాధానం. ముందుగా మన వల్ల దెబ్బతిన్న మనిషికి, ఆ తరువాత మన అవసరం ఉన్న మనిషికి. వినడానికి ఇది తేలికగా ఉంటుంది గానీ, ఆచరణలో దేవుడికి లెక్క చెప్పడం కన్నా చాలా బరువైన పని. ఎందుకు బరువో, ఆ బరువులోనే జీవితానికి అర్థం ఎట్లా దొరుకుతుందో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదట క్షమాపణ సంగతి. 2016 ఆగస్టులో పన్నెండు రోజుల పాటు కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు బెజవాడలో చుట్టాలు దిగని ఇల్లు లేదు. మా పెద్దమ్మను నేనే ఘాట్‌కు తీసుకెళ్లాను. మూడు మునకలు వేసి లేచిన ఆ ముసలమ్మల ముఖాలలో కనబడిన తేలికదనం నిజమైనది, దాన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదని నేను అనుకుంటాను. అయితే ఆ గుంపులోనే మా పేటలో చిట్టీలు నడిపి, చీరలకు ఫాల్స్ కుట్టుకుని బతికే ఆడవాళ్ల సొమ్ము ఎగ్గొట్టిన ఒకాయన కూడా ఉన్నాడు. ఆయన నదిలో మునిగాడు, కొండ ఎక్కి అమ్మవారికి మొక్కు చెల్లించాడు, తన పాపం తీరిందని మనస్ఫూర్తిగా నమ్మాడు. చీటీ పాడుకోకుండా కూతురి పెళ్లికని దాచుకున్న ఆమెకు మాత్రం ఒక్క రూపాయి రాలేదు. అన్యాయం జరిగింది ఆమెకు, క్షమించింది వేరొకరు. నమ్మకం లేని మనిషికి ఈ దారి మూసుకుపోయింది. నేను ఒకరికి అన్యాయం చేస్తే నన్ను విడిపించగలిగింది ఆ ఒక్కరే. వాళ్ల గడప తొక్కాలి, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, వాళ్లు తలుపు వేసుకుంటే ఆ తిరస్కారాన్ని కూడా భరించాలి.

మతాలన్నీ ఈ విషయంలో ఒకేలా లేవని కూడా ఇక్కడే చెప్పాలి. మా స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీలో కూర్చునే ఉర్దూ మాష్టారు ఒకసారి వివరించారు. ఇస్లాంలో దేవుడి పట్ల చేసిన తప్పు వేరు, తోటి మనిషి హక్కును కాజేసిన తప్పు వేరు. రెండవదాన్ని ఆ మనిషి క్షమిస్తే తప్ప దేవుడు కూడా క్షమించడని పెద్దలు చెబుతారట. ఆ మాట విన్నప్పుడు ఆయనకూ నాకూ మధ్య దూరం చాలా తక్కువని నాకు అనిపించింది. ఆయన చివరి పద్దు పైవాడికి చూపిస్తారు, నేను చూపించను. పక్కవాడికి చూపవలసిన పద్దు ఇద్దరికీ ఒకటే.

రెండవది కర్మ సిద్ధాంతం. మన దగ్గర దీని పట్టు దేవుడి పట్టు కంటే గట్టిది. గుడి గడప తొక్కనివాళ్ల నోట కూడా "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అన్న మాట అలవోకగా వస్తుంది. కొన్నేళ్ల క్రితం నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. కండరాలు క్రమంగా క్షీణించిపోయే జబ్బు. తండ్రి ఆటో నడుపుతాడు. పొద్దున్నే కొడుకును గేటు దగ్గర దించి, భుజాన వేసుకుని మొదటి అంతస్తులోని క్లాసు బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లేవాడు. ల్యాబు రెండో అంతస్తులో ఉండేది. ప్రాక్టికల్స్ గంటలో తండ్రికి బేరం తగిలితే అబ్బాయి కిందనే ఉండిపోయేవాడు. ఆ తల్లితో బంధువులూ ఇరుగుపొరుగులూ, చివరికి చదువు చెప్పే మాలాంటివాళ్లలో ఒకరిద్దరూ పూర్వజన్మ గురించి మాట్లాడారు. ఓదార్పుగానే మాట్లాడారు, అందులో దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఆ ఓదార్పు ఏం చేస్తుందో చూడండి. బిడ్డ జబ్బుకు బిడ్డనే దోషిని చేస్తుంది, చుట్టూ ఉన్న మనందరినీ నిర్దోషులుగా వదిలేస్తుంది.

పూర్వజన్మ లేదని నమ్మినవాడికి ఆ వెసులుబాటు లేదు. జబ్బుకు కారణం జన్యువులో ఉంది, దానికి నేను చేయగలిగింది లేదు. ల్యాబుకు రాలేకపోవడానికి కారణం మాత్రం మెట్లు. ఆ మెట్లు మనుషులు కట్టినవి. నేను యాజమాన్యానికి రాశాను, మళ్లీ రాశాను, ఒక్క విద్యార్థి కోసం టైంటేబుల్ మార్చలేమన్న జవాబు విన్నాను, తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లి మాట్లాడాను. చివరికి ఆ సెక్షన్ క్లాసు కింది అంతస్తుకు మారింది. సామాన్ల గది ఒకటి ఖాళీ చేయించి, అందులో రెండు బల్లలు వేసి, స్క్రూగేజీ, లోలకం, కటకాలు కిందికి తెప్పించాము. ఆ అబ్బాయి కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునేటప్పుడు స్టాండు జరపడానికి పక్కవాడి సాయం తీసుకున్నాడు, రీడింగులు మాత్రం తనే చూసి తనే రాసుకున్నాడు. రికార్డు పుస్తకంలో నేను సంతకం పెట్టబోతుంటే, నాలుగో రీడింగు మళ్లీ తీస్తానని పుస్తకం వెనక్కి లాక్కున్నాడు. జీవితానికి అర్థం ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే నేను విశ్వం వైపు చూడను. సూర్యుడు ఇంకో ఐదు వందల కోట్ల ఏళ్లకు ఉబ్బి ఆరిపోతాడని పాఠంగా చెప్పేవాణ్ణే అయినా, ఆ సంగతి నాలుగో రీడింగు విలువను ఏ మాత్రమూ తగ్గించదని నాకు తెలుసు.

ఈ ఆలోచన ఈ నేలకు కొత్తదేమీ కాదు. అమరావతిలో, భట్టిప్రోలులో స్తూపాలు కట్టిన మన పూర్వులు సృష్టికర్త ప్రసక్తి లేని ఒక నీతిని రెండు వేల ఏళ్ల క్రితమే ఈ కృష్ణ ఒడ్డున పాటించి చూపారు. నీతి లేని నాస్తికులు పడమటి నుంచి వచ్చారని అనేవాళ్లు ఒకసారి ఆ ఊళ్లకు వెళ్లి రావాలి.

ఇక అన్నిటికంటే కష్టమైన సందర్భం చావు. మా నాన్న విజయవాడలో నా ఇంట్లోనే ఒక రాత్రివేళ పోయాడు. కళ్లూ శరీరమూ దానం చేయాలని, కర్మకాండ వద్దని తన చేతి రాతతో రాసి, ఆ కాగితాన్ని బీరువాలో పొలం కాగితాలతో కలిపి పెట్టాడు. కళ్లను ఆరు గంటలలోపు తీయాలి కాబట్టి ఏడవడానికి ముందు ఫోన్ చేయవలసి వచ్చింది. ఐబ్యాంకు వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటి మీద తడి దూది ఉంచి, తల కింద దిండు ఎత్తు చేశాము. ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. పావుగంటలో పని ముగించి, చేతులు కడుక్కుని, వెళ్లే ముందు నాన్న కాళ్లకు దండం పెట్టారు. తెల్లవారాక డాక్టరు ఇచ్చిన మరణ ధ్రువీకరణతో, మా అందరి సంతకాలతో శరీరాన్ని వైద్య కళాశాల అనాటమీ విభాగానికి అప్పగించి మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేశాము.

వచ్చాక అమ్మ ఒక మాట అడిగింది. "ఇప్పుడు మనం ఏం చెయ్యాలిరా?"

నా దగ్గర జవాబు లేదు. హేతువాద సాహిత్యమంతా ఏం చేయకూడదో చెప్పింది గానీ ఏం చేయాలో చెప్పలేదు. చితి లేదు, బూడిద లేదు, మూడో నాడు లేదు, పెద్దకర్మ లేదు. సంప్రదాయం ప్రకారం అయితే ఆ పదకొండు రోజులూ ఎవరో ఒకరు వస్తారు, వంట చేస్తారు, పక్కన పడుకుంటారు, పోయినవాడి గురించి చెప్పిందే చెబుతారు. మంత్రాలలో నాకు నమ్మకం లేదు. కానీ ఆ మంత్రాల చుట్టూ అల్లుకున్న మనుషుల రాకపోకలు లేకపోతే, కొత్తగా ఒంటరి అయిన మనిషి ఆ పగళ్లను గడపడం దుర్భరం. కర్మ లేదని తెలిసి చాలామంది బంధువులు ఒక్కసారి వచ్చి వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టలేను, రెండోసారి ఏ పని మీద రావాలో వాళ్లకు తెలియదు.

అదే సమయంలో సంప్రదాయంలోని ఇంకో ముఖాన్ని కూడా చూడవలసి వచ్చింది. పదో రోజున బొట్టు, గాజులు తీయించాలని మా మేనత్త పట్టుబట్టింది. అమ్మ భక్తురాలు. తెనాలి వైకుంఠపురం వెంకన్నను తలచుకోకుండా ముద్ద నోట్లో పెట్టదు. నేను అమ్మనే అడిగాను. "మీ నాన్న లేడన్న సంగతి నా నుదురు చూసి ఊరికి తెలియాల్సిన పని లేదు" అంది. అత్తయ్యతో ఆ తరువాత చాలా కాలం మాటలు లేవు. అమ్మే ఇంకొకటి కూడా అడిగింది. నాన్న ఫోటో దగ్గర రోజూ దీపం పెట్టుకుంటానంది. మా తమ్ముడు ఒప్పుకోలేదు, నాన్న సిద్ధాంతానికి అది ద్రోహమన్నాడు. నేను అమ్మ పక్షాన నిలబడ్డాను. నాన్న శరీరం నాన్నది, దాని మీద ఆయన మాట అక్షరాలా చెల్లింది. దుఃఖం అమ్మది. పోయిన మనిషి సిద్ధాంతం కంటే బతికి ఉన్న మనిషి దుఃఖానికే నేను లెక్క చెప్పాలి. బొట్టు తీయించడాన్ని కాదన్నది, దీపాన్ని కాదనకుండా ఉన్నది, రెండూ ఒకే సూత్రం నుంచి వచ్చినవే. ఆచారం వల్ల మనిషి చిన్నబోతే దానిని ఆపాలి, మనిషి తెరిపిన పడితే మనకు నమ్మకం లేకపోయినా దానికి చోటివ్వాలి. తమ్ముడికి నా మాట ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు.

పదకొండో రోజున సంస్మరణ సభ పెట్టాము. పెద్దలు చాలామంది నాన్న హేతువాదం గురించి మాట్లాడారు. మా పొలంలో పనిచేసిన ఒకామె లేచి, "ఆయన సాయంత్రానికి కూలి చేతిలో పెట్టేవాడు, రేపు రమ్మని తిప్పేవాడు కాదు" అని చెప్పి కూర్చుంది. ఆ రోజు నేను విన్న మాటలలో నాన్నను గురించి సరిగ్గా చెప్పింది అదొక్కటే.

మన ప్రాంతపు నాస్తికుల చరిత్రలో నాకు ఆదర్శంగా కనబడేవాళ్లు కూడా ఇటువంటి లెక్కకు నిలబడినవాళ్లే. గోరాగా పేరుపడిన గోపరాజు రామచంద్రరావు 1933లో కాకినాడ కాలేజీలో వృక్షశాస్త్రం ఉద్యోగాన్ని తన భావాల కారణంగా పోగొట్టుకున్నారు, ఆ తరువాత మచిలీపట్నంలోనూ అదే జరిగింది. 1940లో ఆయనా భార్య సరస్వతీ గోరా కలిసి ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడ పటమటకు వచ్చింది. దేవుడు లేడని రాసిన వ్యాసాలకంటే వాళ్ల ఇంట్లో జరిగిన పెళ్లిళ్లు నన్ను ఎక్కువగా ఆలోచింపజేశాయి. పెద్దకూతురు మనోరమకు దళితుడైన అర్జునరావుతో సంబంధం నిశ్చయించారు. తన ఆశ్రమంలో ఆ పెళ్లి జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తరువాత 1948లో ఆ సేవాగ్రామ్ ఆశ్రమంలోనే అది జరిగింది. కొడుకు లవణం గుర్రం జాషువా కూతురు హేమలతను పెళ్లి చేసుకున్నారు. ఆ దంపతులు బాపట్ల దగ్గరి స్టువర్టుపురానికి వెళ్లి, తెల్లదొరల చట్టం పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాల మధ్య పనిచేశారు. నిప్పుల మీద నడిచి అందులో మహిమ లేదని జనానికి చూపిన సరస్వతీ గోరా ధైర్యాన్ని అందరూ చెప్పుకుంటారు. ఆ నడక కొన్ని క్షణాలలో ముగుస్తుంది. కులం దాటి కూతురిని ఇవ్వడం జీవితమంతా నడవవలసిన నడక.

ఇక్కడే మన హేతువాదానికి ఉన్న పెద్ద లోటు బయటపడుతుంది. దేవుణ్ణి వదిలినవాళ్లు ఈ జిల్లాలలో వేలల్లో ఉన్నారు. పిల్లల పెళ్లి దగ్గర కులాన్ని వదిలినవాళ్లు ఎంతమంది? ముహూర్తం లేకుండా, పురోహితుడు లేకుండా, దండలు మార్చి, ఉపన్యాసాల మధ్య జరిగిన ఆదర్శ వివాహాలకు నేను చాలా వెళ్లాను. వాటిలో ఎక్కువ భాగం ఒకే కులంలో, కట్నం చేతులు మారిన తరువాతనే జరిగాయి. త్రిపురనేని రామస్వామి తెలుగులో వివాహవిధి రాసింది అర్థమయ్యే మాటలతో పెళ్లి జరగాలని. మాటలు అర్థమైతే అయ్యాయి, ఎవరు ఎవరిని చేసుకోవచ్చునన్న కట్టుబాటు మాత్రం చెక్కుచెదరలేదు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1991 ఆగస్టు 6న తెనాలి పక్కనే ఉన్న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. అప్పుడు నేను కాలేజీలో చదువుకుంటున్నాను. ఆ ఊరి చుట్టుపక్కల అర్ధశతాబ్దం పాటు హేతువాద సభలు జరిగాయి, మానవవాద పత్రికలు ఇంటింటికీ వచ్చాయి. తత్వవేత్త ఎం.ఎన్. రాయ్ 1948లో తన రాడికల్ డెమొక్రటిక్ పార్టీనే రద్దు చేసి మానవవాదాన్ని ఉద్యమంగా నడపాలన్నప్పుడు ఆయన వెంట నడిచిన తెలుగువాళ్లలో తెనాలి వాళ్లది ముందు వరుస. ఆ వెలుగు అరుగుల మీద నిలిచిపోయింది, పొలం గట్ల దాకా వెళ్లలేదు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. చనిపోయినవాళ్లకు పరలోకంలో న్యాయం జరుగుతుందని నమ్మే వీలు నాకు లేదు. ఇక్కడ జరగని న్యాయం ఇంకెక్కడా జరగదు. నమ్మకం లేనివాడికి అన్యాయం మీద కోపం ఎక్కువగా ఉండాలని నేను అనేది అందుకే.

మతస్థులకు ఉండి మనకు లేనిది ఇంకొకటి ఉంది, కలిసి పనిచేసే అలవాటు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు అది స్పష్టంగా కనబడింది. మా వైపు ఒక కల్యాణమండపంలో పులిహోర పొట్లాలు కట్టడానికి నేను వెళ్లాను. అక్కడ భజన మండలి వాళ్లు ఉన్నారు, చర్చి యువకులు ఉన్నారు, మసీదు నుంచి డేగిసాలు వచ్చాయి. ఎవరు కూరగాయలు తేవాలో, ఎవరు ట్రాక్టరు మాట్లాడాలో వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేకుండా తెలుసు, ఎందుకంటే ఉత్సవాలకూ అన్నదానాలకూ వాళ్లు ఏడాది పొడవునా ఆ పనే చేస్తారు. నాలాంటివాళ్లం విడివిడిగా వచ్చి వాళ్ల వరుసలో కలిశాము. నడుములోతు నీళ్లలో పాలపాకెట్లు నెత్తిన పెట్టుకుని వెళుతున్నవాణ్ణి నీ నమ్మకం ఏమిటని ఎవరూ అడగలేదు, అడగవలసిన అవసరమూ లేదు. అయినా వాదనలకు నెలనెలా కలుసుకునే మేము, వంటకు ఒక్కసారైనా ఎందుకు కలవలేదన్న ఆలోచన అప్పటి నుంచి నన్ను వదలలేదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నాస్తిక కేంద్రం వాళ్లు శవాల మధ్య పనిచేసిన సంగతి మా పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆ అలవాటును మా తరం నిలబెట్టుకోలేదు.

ఇప్పుడు కొందరం కలిసి ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాము. మాలో ఎవరింట చావు జరిగినా, కర్మ ఉన్నా లేకపోయినా, పదకొండు రోజులూ రోజుకు ఇద్దరు ఆ ఇంటికి వెళతారు. ఒక పూట వంట, కాసేపు మాట, బ్యాంకు కాగితాలో పెన్షను కాగితాలో ఉంటే వాటి పని. అమ్మ అడిగిన ప్రశ్నకు ఆలస్యంగా దొరికిన జవాబు ఇది. పిల్లలు అమెరికాలో ఉండి, ఇక్కడ ఫ్లాట్లలో ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు విజయవాడ, గుంటూరు రెండింటిలోనూ వీధికి ఒకరున్నారు. వాళ్లు పోతే కొడుకు విమానం దిగేదాకా శరీరం ఫ్రీజర్ పెట్టెలో ఉంటుంది, కళ్లు ఇస్తామని రాసిపెట్టినా ఆరు గంటల గడువు అప్పటికే దాటిపోతుంది. అందుకని మా పేటలో అటువంటి వాళ్ల దగ్గరకు ముందే వెళ్లి, వాళ్ల కోరిక ఏమిటో కనుక్కుని, పిల్లలతో ఫోన్‌లో మాట్లాడించి, దగ్గర ఉండి సంతకం పెట్టగల బంధువు ఎవరో రాసి పెట్టుకుంటున్నాము. మొన్న వెళ్లిన ఒక ఇంట్లో పెద్దావిడ కళ్ల సంగతి తరువాత మాట్లాడదాం గానీ, వారానికి ఒకసారి వచ్చి పేపరు చదివి వినిపిస్తారా అని అడిగారు. ఆదివారం పొద్దుట నేను, బుధవారం సాయంత్రం ఉర్దూ మాష్టారు వెళుతున్నాము.